కామిక్స్ గీయాలనుంది, ఎక్కడ మొదలెట్టాలి? వైజాగ్ నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున్న బీచ్ రోడ్ లో స్కెచ్ బుక్ తెరిచి కూర్చుంటే చాలు, పిల్లలు వస్తారు, వాళ్ళ వెనకాలే అమ్మానాన్నలు, ఒక్కోసారి రిటైరైపోయిన పెద్దాళ్ళు కూడా వచ్చి పక్కన కూర్చుని అడుగుతారు. పదేళ్ళ నుంచి అవే డౌట్లు తిరిగి తిరిగి వస్తున్నాయి. అడిగిన ప్రతివాళ్ళకీ నిలబడి పూర్తిగా చెప్పడం కుదరట్లేదు, సగం చెప్పి పంపేస్తే మనసొప్పట్లేదు, అందుకే ఇలా రాసి పెట్టేశాను. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఏదో చూసుకుని నేరుగా అక్కడికి వెళ్ళిపోండి.

## చదివే దశ

ఇంత వయసొచ్చాక ఇంకా బొమ్మల పుస్తకాలేంటి అంటున్నారు ఇంట్లో, ఏం చెప్పాలి?

బొమ్మలతో కథ చెప్పడం పిల్లల కోసం పుట్టింది కాదండీ. చేర్యాల పటాలు చూడండి, ఎర్రటి నేపథ్యం మీద పట్టీలు పట్టీలుగా గీసిన బొమ్మలు, ఆ చుట్ట విప్పుకుంటూ ఒక్కో బొమ్మా చూపిస్తూ కులపురాణం పాడేవాళ్ళు, ఊరంతా కూర్చుని వినేది. తోలుబొమ్మలాట తెల్లవార్లూ చూసినవాళ్ళు పెద్దవాళ్ళే. బొమ్మ తర్వాత బొమ్మ పెట్టి మధ్యలో జరిగింది చూసేవాడి ఊహకి వదిలెయ్యడం మనకి ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. వాదించకుండా మీకు బాగా నచ్చిన కామిక్ ఒకటి వాళ్ళ చేతికిచ్చి చదవమనండి, నేనైతే అదే చేస్తాను.

తెలుగులో అసలు కామిక్స్ ఉన్నాయా?

ఇంగ్లీషులో ఉన్నట్టు నెలనెలా వచ్చే కామిక్ పరిశ్రమ మనకి లేదు. కానీ బొమ్మ చూడ్డం నేర్పిన పత్రికలు మాత్రం మనకున్నంత బలంగా చాలామందికి లేవు. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జులైలో మద్రాసు నుంచి చందమామ మొదలెట్టారు. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య, ఈ ముగ్గురి బొమ్మలు చూస్తూ మూడు తరాలు పెరిగాయి. పాపయ్య గారు, అదే మన వపా, 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, మన పక్క మనిషే. శంకర్ గారు 1952లో చేరారు, విక్రమార్కుడు భుజాన శవం వేసుకుని చేతిలో కత్తితో నడుస్తున్న బొమ్మ ఆయన గీసిందే. ఒకసారి ఆ బొమ్మ తీసి బాగా చూడండి. శవం బరువు భుజం వంపులో తెలుస్తుంది, అయినా నడకలో తడబాటు లేదు. ఒక్క బొమ్మలో అంతకుముందు ఏం జరిగిందో, ఇప్పుడు ఏం జరగబోతోందో రెండూ తెలిసిపోతాయి. కామిక్ ఆర్టిస్టుకి కావలసిన విద్య అదే.

తర్వాత 1967లో అనంత్ పాయ్ గారు అమర్ చిత్ర కథ మొదలెట్టారు, అవి తెలుగులోనూ వచ్చాయి. గీత ఒక్కటే చాలు మనిషి స్వభావం చెప్పడానికి అని బాపు గారు చూపించారు. ఇంత ఉంది మన దగ్గర, లేదని ఎందుకనుకోవాలి.

పాత కామిక్స్, పాత చందమామలు ఎక్కడ దొరుకుతాయి?

పాత పేపర్ల కొట్లు. నిజంగా అంతే. ఇల్లు మారేవాళ్ళు, పిల్లలు పెద్దై వెళ్ళిపోయినవాళ్ళు కట్టలు కట్టి కిలోల లెక్కన అమ్మేస్తారు, వేసవి సెలవులు అయిపోయే టైంలో ఎక్కువ వస్తాయి. మీ పేటలో కొట్టు ఆయనతో మాట్లాడి ఫోన్ నంబర్ ఇచ్చి రండి, కేజీ రేటు మీద పది రూపాయలు ఎక్కువిస్తానని చెప్పండి, ఆయనే ఫోన్ చేస్తాడు. కొనకుండా చదవాలంటే ద్వారకానగర్ లో పౌర గ్రంథాలయం ఉంది, ఓ పూట ఖాళీ చేసుకుని వెళ్ళండి.

సముద్రం గాలికి మా పుస్తకాలు పాడైపోతున్నాయి, ఎలా దాచాలి?

ముందు గోడకి ఆనించి పెట్టకండి, వర్షాకాలంలో గోడ చెమ్మ నేరుగా పుస్తకాల్లోకి దిగుతుంది. నాలుగు వేళ్ళ ఎడం ఉంచండి. ప్లాస్టిక్ కవర్లో పెట్టి పూర్తిగా బిగించేస్తే లోపల తేమ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది, కవర్ మూతి కొంచెం తెరిచి ఉంచాలి. నెలకోసారి తీసి ఫ్యాన్ కింద పేజీలు తిప్పండి, ఎండలో మాత్రం పెట్టొద్దు, రంగు వెలిసిపోతుంది.

తడిసిపోతే ఏం చెయ్యాలన్నది నేను చాలా పోగొట్టుకుని నేర్చుకున్నాను. 2014 అక్టోబర్ 12న హుద్ హుద్ తుపాను వచ్చినప్పుడు మా కిటికీ రెక్క ఊడిపోయింది, దాని కిందే నా ట్రంకు పెట్టె. మూత తీసేసరికి అడుగున జానెడు నీళ్ళు. మామూలు న్యూస్ ప్రింట్ పుస్తకాలు పేజీకి పేజీకి మధ్య పాత పేపర్ ముక్కలు పెట్టి గంట గంటకీ మారుస్తూ ఆరబెడితే బతికాయి. నున్నటి ఆర్ట్ పేపర్ మీద అచ్చేసినవి మాత్రం తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టాను, అవి ఆరాక అట్టముక్కల్లా అతుక్కుపోయాయి, మళ్ళీ విడిపోలేదు. నున్నటి కాయితం తడిగా ఉన్నప్పుడే విడదీసెయ్యాలి, ఆరాక ఎవరివల్లా కాదు. అన్నీ ఒకేసారి చూసుకోలేకపోతే కవర్లో చుట్టి డీప్ ఫ్రిజ్ లో పెట్టేస్తే బూజు పట్టకుండా ఆగుతుంది, తర్వాత తీరిగ్గా ఒక్కోటీ ఆరబెట్టుకోవచ్చు. మాకైతే అప్పుడు రోజుల తరబడి కరెంటే లేదు.

## గీయడం మొదలెట్టే దశ

నాకు బొమ్మలు అంత బాగా రావు, కామిక్స్ గీయగలనా?

గీయగలరు. ఇది ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు. కామిక్ లో మనం మెచ్చుకునేది విడి బొమ్మని కాదు, ఒక బొమ్మ నించి ఇంకో బొమ్మకి కన్ను నడిచే నడకని. కండలు, చీర మడతలు, వేళ్ళు అద్భుతంగా గీసేవాళ్ళు నాకు తెలుసు, నాలుగు ప్యానెల్స్, అంటే పేజీలో బొమ్మలుండే గళ్ళు, గీయమంటే నాలుగు ఫొటోల్లా ఉంటాయి, ఒకదానికొకటి సంబంధం ఉండదు. ఇంకోపక్క పుల్లల మనుషుల్ని గీసి ఏడిపించేసిన తొమ్మిదో క్లాసు అమ్మాయిని చూశాను. తలుపు, తలుపు ముందు ఒక జత చెప్పులు. రెండో ప్యానెల్ లో అదే తలుపు, రెండు జతలు. మూడో దాంట్లో మళ్ళీ ఒక్క జతే. మాట ఒక్కటి లేదు. చుట్టమొచ్చి వెళ్ళిపోయారా, ఇంకేమైనా జరిగిందా అని మనమే ఆలోచించుకుంటూ ఉండిపోతాం. బొమ్మ గీస్తూ గీస్తూ ఎలాగూ మెరుగవుతుంది, ఈ చూపు మాత్రం మొదటి రోజు నించే అలవాటు చేసుకోవాలి.

ఏమేం కొనాలి? ఎంత అవుతుంది?

పెన్సిలు, రబ్బరు, స్కేలు, నల్ల ఇండియన్ ఇంక్ సీసా, రెండో నంబరు గుండ్రటి బ్రష్ ఒకటి, 0.3, 0.5 వాటర్ ప్రూఫ్ పెన్నులు చెరొకటి, ఏ3 సైజు దళసరి కార్ట్రిడ్జ్ షీట్లు ఓ పది. ఐదారు వందల్లో అయిపోతుంది. వేలు పోసి బ్రష్ సెట్లు కొనేసి, ఖరీదైన కాయితం పాడవుతుందన్న భయంతో గీయడమే మానేసినవాళ్ళు చాలామంది.

పెన్ను కొన్నాక ఒక గీత గీసి ఆరనిచ్చి తడి వేలితో రుద్ది చూడండి, చెదిరిందంటే దాని మీద రంగు వెయ్యలేరు. మన ఊళ్ళో ఇంకో ముఖ్యమైన సంగతి చెమట. ఏప్రిల్ మే నెలల్లో చెయ్యి ఆనించిన చోటల్లా కాయితం మెత్తబడుతుంది, అక్కడ ఇంకు పాకుతుంది, ఎంత మంచి గీతైనా అంచులు చీమకాళ్ళలా అయిపోతాయి. చేతి కింద ఎప్పుడూ ఒక రఫ్ కాయితం ఉంచుకోండి, కుడిచేతి వాటం వాళ్ళు పేజీ ఎడమవైపు నించి ఇంకింగ్, అంటే పెన్సిల్ గీతల మీద ఇంకు పెట్టడం, మొదలెట్టండి. ఫ్యాన్ నేరుగా కాయితం మీదకి తగిలితే బ్రష్ కొన మీద ఇంకు ఆరిపోయి గీత తెగుతుంది, ఫ్యాన్ వీపు వైపు ఉండేలా కూర్చోండి.

కాయితమా, ట్యాబా?

ఏదైనా ఒకటే, కానీ మొదటి వంద పేజీలు కాయితం మీద గీయమంటాను. ట్యాబ్ లో తప్పు చేసిన ప్రతిసారీ వెనక్కి పోవచ్చు, అందుకే ఒక్క కన్ను మీద అరగంట కూర్చుండిపోతారు. కాయితం మీద తప్పు తప్పుగానే ఉండిపోతుంది, మీరు ముందుకెళ్ళిపోతారు. తర్వాత కంప్యూటర్ లోకి రావాలంటే క్రిటా ఉచితం, మంచి సాఫ్ట్ వేర్. బొమ్మ కనిపించే స్క్రీన్ ట్యాబ్లెట్ ఖరీదెక్కువ, స్క్రీన్ లేని పలక లాంటిది చవగ్గా వస్తుంది, చెయ్యి ఒకచోట కన్ను ఒకచోట ఉండటం రెండు మూడు వారాల్లో అలవాటైపోతుంది.

మాంగా (జపాన్ కామిక్స్) స్టైల్ లో గీస్తే తప్పా? మా సార్ తిడుతున్నారు.

తప్పేం కాదు. ఎవరినో ఒకరిని చూసి దిద్దకుండా ఎవరూ నేర్చుకోలేదు. అయితే ఒక్కరినే దిద్దొద్దు, ముగ్గురు నలుగుర్ని దిద్దండి. జపాన్ వాళ్ళ దగ్గర కదలిక, బాపు గారి దగ్గర గీత పొదుపు, శంకర్ గారి దగ్గర మనుషుల గుంపుని పేజీలో సర్దడం. ఇంకోటి, మాంగాలో మొహాలు చూసి గీసిన మొహాలు మన బస్సులో కనపడవు. ఆర్టీసీ కాంప్లెక్స్ లో ఒక గంట కూర్చుని ఎదురుగా ఉన్నవాళ్ళని గీయండి, నిద్రపోతున్నవాళ్ళతో మొదలెట్టండి, కదలరు.

రోజూ ఎంతసేపు గీయాలి?

అరగంట. కానీ రోజూ.

## కథని పేజీగా మార్చే దశ

కథ మొత్తం బుర్రలో ఉంది, ప్యానెల్స్ గా ఎలా విడగొట్టాలో తెలియట్లేదు.

ఒక ఉదాహరణ చెప్తాను, ఇది నిజంగా జరిగింది. టెన్త్ చదువుతున్న బాబు ఒకడు పేజీ పట్టుకొచ్చాడు. వేటకెళ్ళిన నాన్న కోసం ఫిషింగ్ హార్బర్ లో ఎదురుచూసే కుర్రాడి కథ. ఆరు ప్యానెల్స్, ఆరింట్లోనూ కుర్రాడి మొహమే, కళ్ళలో నీళ్ళు, పైన 'అతను చాలా బాధగా ఉన్నాడు' అని రాత. "ఏటి సార్, బాగోలేదా?" అన్నాడు. బొమ్మ బాగుంది, కానీ హార్బర్ ఎక్కడుందిరా ఇందులో, ఓసారి తెల్లారగట్ల వెళ్ళి చూసి రా అన్నాను.

వాళ్ళ మావయ్యతో కలిసి వెళ్ళొచ్చి మళ్ళీ గీశాడు. మొదటి ప్యానెల్ పేజీ అడ్డంగా మొత్తం, జెట్టీ పక్కన బోట్లు వరసగా కట్టేసి ఉన్నాయి, మధ్యలో ఒక్కచోట ఖాళీ. రెండోది, ఐసు గడ్డలు కొడుతున్న మనిషి, తట్టలెత్తుకున్న ఆడవాళ్ళు, వేలంపాట గోల. మూడోది చిన్నది, కుర్రాడి చెయ్యి, చేతిలో క్యారేజీ. నాలుగోది మళ్ళీ అదే ఖాళీ, కానీ నీడలు పొట్టిగా అయిపోయాయి, అంటే పొద్దెక్కింది. ఐదోది, క్యారేజీ నేల మీద పెట్టేసి ఉంది, మూత దగ్గర ఈగ. ఆరోది, ఖాళీ, క్యారేజీ, కుర్రాడు లేడు. ఒక్క మాట రాయలేదు. ఆ పేజీ చూసి నేను చాలాసేపు ఏం మాట్లాడలేకపోయాను.

చేసే పద్ధతి ఇదీ. కథలో ప్రతి వాక్యానికీ ఒక ప్యానెల్ అనుకోకండి. ఏ క్షణాలు కనపడితే మిగతాది చదివేవాడే పూరించుకుంటాడో అవి ఏరుకోండి. పెద్ద ప్యానెల్ లో కన్ను ఎక్కువసేపు ఆగుతుంది, చిన్నవి వరసగా పెడితే గబగబా వెళ్ళిపోతుంది, అలా టైం మీ చేతిలో ఉంటుంది. చూసేవాడికి గుండె ఆగాల్సిన బొమ్మ ఏదైనా ఉంటే పేజీ తిప్పగానే కనపడేలా ఎడమవైపు పేజీలో పెట్టండి, కుడివైపు పెడితే ముందు పేజీ చదువుతుండగానే కంటికి దొరికిపోతుంది. ఇదంతా మొదట అగ్గిపెట్టెంత సైజులో గీసుకోండి, ఒక్కో పేజీకి మూడు నాలుగు రకాలుగా. అగ్గిపెట్టె సైజులో అర్థం కాని పేజీ ఏ3లో గీసినా అర్థం కాదు.

మొదటి కథ ఎన్ని పేజీలు ఉండాలి?

నాలుగు. వంద పేజీల నవల మొదలెట్టి పదకొండో పేజీ దగ్గర ఆపేసినవాళ్ళ కట్టలు ఎన్ని చూశానో, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది, ఎందుకంటే ఆ పదకొండు పేజీల్లో మంచి చెయ్యి కనపడుతుంది. ముగింపు ఎలా గీయాలో ముగించినవాళ్ళకే తెలుస్తుంది. నాలుగు పేజీల కథలు పది పూర్తి చేశారంటే పది ముగింపులు గీసినట్టు. ఆ తర్వాత ఎంత పెద్దదైనా మొదలెట్టండి.

ఏం కథ రాయాలి? సూపర్ హీరోలు తప్ప ఏం తట్టట్లేదు.

మనం ఉన్న ఊరు చూడండి ఒకసారి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన వైజాగ్ మీద బాంబులు వేశాయి, చాలామంది పిల్లలకి ఈ సంగతే తెలీదు. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది మన తీరం దగ్గరే. మన జలాంతర్గామి కురుసుర ఇప్పటికీ బీచ్ లో ఒడ్డు మీద నిలబడి ఉంది, టికెట్ కొనుక్కుని లోపలికెళ్తే ఎంత ఇరుకులో మనుషులు పడుకున్నారో గీసుకోవచ్చు. ఇవన్నీ పెద్ద కథలు అనుకుంటే కురుపాం మార్కెట్ లో ఒక పొద్దు, సింహాచలం మెట్లు, డాల్ఫిన్స్ నోస్ మీద లైట్ హౌస్, స్టీల్ ప్లాంట్ నైట్ షిఫ్ట్ నించి ఇంటికొచ్చే మనిషి. సూపర్ హీరోనే కావాలంటే ఆయన్ని గాజువాక ట్రాఫిక్ లో పెట్టండి, అప్పుడు ఆ కథ మీది అవుతుంది.

## అక్షరాల దశ

ఇంగ్లీష్ కామిక్స్ లో మాటలు రాసే బెలూన్లు అంత నీట్ గా ఉంటాయి, తెలుగులో రాస్తే గజిబిజిగా ఎందుకు అవుతోంది?

నన్ను అన్నిటికన్నా ఎక్కువ వేధించిన విషయం ఇదే, మూడేళ్ళు పట్టింది అర్థం కావడానికి. ఇంగ్లీష్ కామిక్స్ లో ఎక్కువగా అన్నీ పెద్ద అక్షరాలే వాడతారు, అన్నీ ఒకే ఎత్తు, ఇటుకల్లా పేర్చుకోవచ్చు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. 'స్త్రీ' అని రాయండి, మూడు హల్లులు, ఒక అచ్చు, అన్నీ ఒక్కచోటే పైకీ కిందకీ పాకుతాయి. ఇంగ్లీష్ కొలతల్లో లైన్లు పెడితే పై లైను ఒత్తు కింది లైను గుడికి గుద్దుకుంటుంది. అందుకని అక్షరం సైజు పది పాయింట్లైతే లైనుకీ లైనుకీ మధ్య పదిహేను, పదహారు ఉంచండి.

రెండోది, మన మాటలు పొడుగు. 'వెళ్ళిపోతున్నానన్నాడు' ఒక్కటే మాట, విరిస్తే చదవలేం, విరవకపోతే సన్నటి బెలూన్ లో పట్టదు. కాబట్టి మన బెలూన్ నిలువుగా కోడిగుడ్డులా కాకుండా అడ్డంగా, వెడల్పుగా ఉండాలి. అంటే ప్యానెల్ కూడా అందుకు తగ్గట్టు వేసుకోవాలి. బొమ్మంతా గీసేసి చివర్లో బెలూన్ ఎక్కడ పెడదామా అని వెతికితే ఎవరి తలో, చెయ్యో కప్పేయాల్సి వస్తుంది. పెన్సిల్ రఫ్ లోనే ముందు మాటలు రాసెయ్యండి, మిగిలిన చోట్లో మనుషుల్ని గీయండి. ముందు మాట్లాడేవాళ్ళు ఎడమవైపు ఉండాలి. ఒక్క బెలూన్ లో పది పన్నెండు మాటలు దాటితే రెండుగా చీల్చండి, లేదా మాటలు తగ్గించండి, సాధారణంగా తగ్గించడమే మంచిది.

మూడోది, గట్టిగా అన్న మాటని ఇంగ్లీష్ లో బోల్డ్ చేస్తారు. మనకి చిన్న సైజులో బోల్డ్ చేస్తే అక్షరం కడుపు పూడిపోతుంది. థ లో చుక్క మూసుకుపోతే అది థ నో ధ నో ఎవరికీ తెలీదు. గట్టి మాటకి బోల్డ్ బదులు సైజు పెంచండి.

ఏ ఫాంట్ వాడాలి?

కుదిరితే మీ చేతిరాత. బొమ్మ గీసిన చెయ్యే అక్షరం కూడా రాస్తే పేజీ అంతా ఒక్కటిగా ఉంటుంది. కుదరకపోతే యూనికోడ్ లో, అంటే ఏ కంప్యూటర్ లోనైనా అక్షరాలు అక్షరాల్లాగే కనపడే పద్ధతిలో, ఉచితంగా దొరికేవి చాలా ఉన్నాయి, గూగుల్ ఫాంట్స్ లో మల్లన్న, మండలి, సురన్న, గిడుగు, ధూర్జటి, రామభద్ర, ఇలా. మామూలు మాటలకి మండలి, మల్లన్న లాంటివి బాగుంటాయి, రామభద్ర దళసరిగా ఉంటుంది కాబట్టి అరుపులకి, టైటిల్ కి. ఒక జాగ్రత్త, మన డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల ఇంకా అను ఫాంట్స్ వాడతారు, అది యూనికోడ్ కాదు, మీరు టైప్ చేసిన మేటర్ అక్కడ అతికిస్తే గందరగోళం గుర్తులొస్తాయి. అక్షరాలన్నీ బొమ్మలుగా మార్చేసి పీడీఎఫ్ ఇవ్వండి.

శబ్దాలకి బూమ్, క్రాష్ అనే రాయాలా?

ఎందుకండీ, మనకున్నన్ని శబ్దాలు ఎవరికున్నాయి! ఫెళఫెళ, దబ్బున, ధన్, టపటప, గలగల, చర్రున, తుస్సుమని, కిర్రు. ఒక్క నీళ్ళకే బొళబొళ, జలజల, బుడుంగ్, చిటపట. 'కిర్రు' అని తలుపు పక్కన సన్నగా, వంకరగా రాయండి, తుప్పు పట్టిన మడతబందు వినపడుతుంది. శబ్దానికి ఫాంట్ వాడకండి, చేత్తో గీయండి, అది కూడా బొమ్మే.

## చదువు, ఇల్లు

ఇంటర్ అయింది, కామిక్స్ కోసం ఏ కోర్స్ చేయాలి?

కామిక్స్ కోసమే అని డిగ్రీ మన దగ్గర చూడలేదు. దగ్గరగా ఉండేది బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ. మన ఆంధ్రా యూనివర్సిటీలోనే ఫైన్ ఆర్ట్స్ డిపార్ట్ మెంట్ ఉంది, హైదరాబాద్ లో జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్ లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉంది, అక్కడ అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ కూడా ఉన్నాయి. డిజైన్ వైపు వెళ్ళాలంటే ఎన్ఐడీ (నేషనల్ ఇన్ స్టిట్యూట్ ఆఫ్ డిజైన్), దాని ఎంట్రన్స్ లో గీత కన్నా ఆలోచన ఎక్కువ చూస్తారు. అడ్మిషన్ వివరాలు ఏటా మారుతుంటాయి, ఆయా కాలేజీల నోటిఫికేషన్ చూసుకోండి. లైఫ్ డ్రాయింగ్, అంటే ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి గీయడం, నాలుగేళ్ళు పద్ధతిగా చేయడం బీఎఫ్ఏ వల్ల వచ్చే అసలు లాభం. ఇంజనీరింగ్ చేసి, బీకాం చేసి మంచి కామిక్స్ గీసేవాళ్ళూ ఉన్నారు, జపాన్ లో ఒసాము తెజుకా చదివింది వైద్యం.

ఇంట్లో అస్సలు ఒప్పుకోవట్లేదు.

వాళ్ళ భయం డబ్బు గురించి, బొమ్మల గురించి కాదు. కాబట్టి బొమ్మల గొప్పతనం చెప్తే లాభం లేదు, పూర్తి చేసిన పని చూపించండి. మా నాన్న పోర్టులో పనిచేసేవారు, జీతం రోజు రైల్వే స్టేషన్ బుక్ స్టాల్ నించి నాకు పుస్తకం తెచ్చేది ఆయనే, అయినా నేను ఇదే పని చేస్తానంటే ఆర్నెల్లు సరిగ్గా మాట్లాడలేదు. ఏడు పేజీల చిన్న కథ అచ్చులో చూసిన రోజు ఏం అనలేదు, కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నించి చివరిదాకా వేలు పెట్టి చదివారు, "ఈ క్రేను ఇలా ఉండదురా, హుక్కు ఇటు తిరిగుంటది" అని సరిచేశారు. ఆ రోజు నించి పోర్టు బొమ్మ ఏది గీసినా ముందు ఆయనకే చూపించేవాణ్ణి.

తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. మీ గుంటడో, గుంటో నోటుబుక్కు వెనక పేజీల్లో గీసిన బొమ్మలు చింపకండి.

ఏఐ వచ్చేసింది కదా, ఇప్పుడు ఇది నేర్చుకోవడం అవసరమా?

అవసరమే. ఖాళీగా ఉన్న బోటు చోటు చూసి అది కథ అని గుర్తుపట్టాల్సింది మనిషే, మన ఊళ్ళో తిరిగిన మనిషి. కవర్ బొమ్మలు, చిల్లర పని కొంత తగ్గిన మాట నిజం, అది నాకూ తగిలింది. అందుకే ఎవరికో బొమ్మలు గీసివ్వడం మీద మాత్రమే ఆధారపడకుండా సొంత కథలు గీయమని అందరికీ గట్టిగా చెప్తున్నాను.

## అచ్చు, డబ్బు, హక్కులు

నా కామిక్ నేనే ప్రింట్ చేయించుకోవాలి, ఎలా?

పేజీల సంఖ్య నాలుగుతో భాగించేలా ఉండాలి, ఎందుకంటే మడతపెట్టి మధ్యలో పిన్ను కొట్టే పుస్తకంలో ఒక్కో కాయితం నాలుగు పేజీలు. 16 పేజీలతో మొదలెట్టండి. ఏ3లో గీసింది ఏ4కి తగ్గిస్తే గీత సుమారు 70 శాతానికి సన్నబడుతుంది, అది ముందే లెక్కలో పెట్టుకుని కొంచెం దళసరిగా గీయాలి. నలుపు తెలుపు గీతలైతే 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కలతో, స్కాన్ చేయండి. కలర్ అయితే సీఎంవైకేలోకి, అంటే అచ్చులో వాడే నాలుగు ఇంకుల రంగుల్లోకి, మార్చి చూసుకోండి, స్క్రీన్ మీద మెరిసే నీలం కాయితం మీద చల్లారిపోతుంది, సముద్రం గీసేవాళ్ళకి ఇది పెద్ద దెబ్బ. అక్షరాల నలుపు ఒక్క నల్ల ఇంకుతోనే ఉండాలి, నాలుగు రంగులూ కలిసిన నలుపు పెడితే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ రంగు అంచులొస్తాయి. చుట్టూ 3 మిల్లీమీటర్లు కటింగ్ కి ఎక్కువ వదలండి.

యాభై, వంద కాపీలైతే డిజిటల్, ఐదొందలు దాటితే ప్లేట్లతో అచ్చేసే ఆఫ్ సెట్ చవక. లోపలికి మాప్లితో అనే మెరుపు లేని మామూలు కాయితం చాలు. మొత్తం ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్క కాపీ ప్రూఫ్ తీయించి పగటి వెలుగులో చూడండి.

ఇది చేసి బతకగలమా?

ఒక్క సొంత కామిక్స్ మీదే బతకడం ఇప్పటికి తెలుగులో చాలా కష్టం, ఉన్నదున్నట్టు చెప్తున్నాను. నా ఆదాయంలో ఎక్కువ భాగం స్టోరీబోర్డులు (షూటింగ్ కి ముందు షాట్లని వరసగా బొమ్మల్లో గీసివ్వడం), పిల్లల పుస్తకాల బొమ్మలు, కంపెనీలకి భద్రత గురించి గీసే బొమ్మల పోస్టర్లు, ఆదివారం క్లాసులు. కామిక్ గీయడం వచ్చినవాళ్ళకి స్టోరీబోర్డ్ సులువు, సినిమా వాళ్ళకీ యాడ్స్ వాళ్ళకీ అవసరం ఉంటుంది. హైదరాబాద్ కామిక్ కాన్ 2013లో మొదలైంది, అలాంటిచోట టేబుల్ తీసుకుంటే పుస్తకాలు అమ్ముకోవచ్చు, అంతకన్నా ముఖ్యంగా చదివేవాళ్ళ మొహం చూడొచ్చు. మొదటి మూడేళ్ళు వేరే జీతం ఒకటి ఉంచుకోండి.

ఒక కంపెనీ నా క్యారెక్టర్ అడుగుతోంది, అగ్రిమెంట్ అవసరమా?

అవసరం అనే మాట చాలదు, అది లేకుండా ఫైల్ పంపొద్దు. నేను ఇరవైల్లో ఉన్నప్పుడు ఒక సంస్థకి నోటి మాట మీద ముప్పై పేజీలు గీసిచ్చాను, సగం డబ్బే వచ్చింది, నా క్యారెక్టర్ ని తర్వాత ఇంకో బొమ్మలాయనతో గీయించుకున్నారు. అడగడానికి నా దగ్గర కాయితం లేదు.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం గీసిన క్షణం నించే హక్కు మీది, రిజిస్టర్ చేసుకుంటే రుజువు బలంగా ఉంటుంది గానీ చేసుకోకపోయినా హక్కు పోదు. ఉద్యోగంలో ఉండి ఆ ఉద్యోగంలో భాగంగా గీస్తే, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు యజమానిది. హక్కు ఇంకొకరికి రాసివ్వాలంటే అది కాయితం మీద సంతకంతో ఉండాలి. అందులో ఎన్నేళ్ళో రాయకపోతే ఐదేళ్ళు అని, ఎక్కడో రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం అనుకుంటుంది. కాబట్టి ఏ హక్కు, ఎన్నేళ్ళు, ఎక్కడ, ఎంత డబ్బు, ఎప్పుడు, ఈ ఐదూ రాసి ఉన్నాయా చూడండి. 'అన్ని హక్కులూ శాశ్వతంగా' అని ఉంటే రేటు దానికి తగ్గట్టు ఉండాలి, లేదంటే ఆ లైను కొట్టేయమని అడగండి. చాలామంది అడిగితే కొట్టేస్తారు. పెద్ద మొత్తమైతే లాయర్ కి చూపించండి.

రామాయణం, భారతం గీస్తే ఎవరికైనా పర్మిషన్ కావాలా?

మూల కథకి అక్కర్లేదు. కానీ ఈమధ్య ఎవరో రాసిన నవల, అనువాదం, సీరియల్ లో కల్పించిన సన్నివేశం వాడుకుంటే కావాలి. మన దేశంలో రచయిత పోయాక అరవై ఏళ్ళ వరకు హక్కు ఉంటుంది.

ఒరిజినల్ పేజీలు అమ్మొచ్చా?

అమ్మొచ్చు. కాయితం అమ్మినంత మాత్రాన కాపీరైట్ అమ్మినట్టు కాదు, ఆ మాట రసీదు మీద కూడా రాసివ్వండి. అమ్మేముందు 600 డీపీఐలో స్కాన్ తీసి రెండు చోట్ల దాచుకోండి. వెనక తేదీ, కథ పేరు, పేజీ నంబరు, సంతకం. రేటు ఎంత అంటే, ఆ పేజీకి పట్టిన రోజులకి మీ రోజు కూలి లెక్కేసుకోండి, అంతకన్నా తక్కువకి ఇవ్వొద్దు.

నేను చాలానే అమ్మాను. అమ్మనిది ఒకటుంది, 2014 తుపాను తర్వాత కరెంటు లేని రాత్రుల్లో కొవ్వొత్తి పెట్టుకుని గీసిన పేజీ. మూడో ప్యానెల్ లో ఆకాశం మీద మైనం చుక్క ఒకటి పడి అలాగే గట్టిపడిపోయింది. అచ్చులో అది కనపడదు, పేజీ చేతిలోకి తీసుకుని వేలితో తడిమితే తగులుతుంది.